ఈడు వేరు, సత్తువ వేరు

ఉప్పల్ భగాయత్‌లో ఇంకా ఇళ్లు కట్టని ప్లాట్లలోనో, నాచారం పారిశ్రామికవాడలో పాతబడిన ప్రహరీల పక్కనో, తొలకరి పడ్డ వారంలో తొండల్ని గమనించండి. మగ తొండకు మెడ, భుజాలు ఎర్రబడి ఉంటాయి. గోడ మీదికెక్కి, ముందు కాళ్ల మీద లేచి, ఒళ్లంతా పైకీ కిందికీ ఊపుతుంది. ఆడ తొండకు అంత ఆర్భాటం ఉండదు. తడిసి మెత్తబడిన నేల వెతుక్కుంటుంది. ముందు కాళ్లతో మట్టి తవ్వి, ఆ గుంటలో పదో ఇరవయ్యో గుడ్లు పెట్టి, మళ్లీ మట్టి కప్పి, మూతితో అదిమి అదిమి గట్టిపరుస్తుంది. పని ముగించుకుని కంచె కిందికి పోయేటప్పుడు దాన్ని దగ్గర్నుంచి చూస్తే డొక్కలు లోపలికి పోయి, తుంటి ఎముకలు పైకి తేలి కనిపిస్తాయి. ఈ అధ్యాయం ఆ డొక్కల గురించి.

ఆ తొండకు ఆస్ట్రేలియాలో ఒక చుట్టం ఉంది. బియర్డెడ్ డ్రాగన్ అంటారు, పెంచేవాళ్ల నోట అది బియర్డీ. శాస్త్రీయ నామం పొగోనా విటిసెప్స్. మన తొండదీ దీనిదీ ఒకటే కుటుంబం, అగామిడే. ఆస్ట్రేలియా నడిమధ్య మెట్ట నేలల్లో, పొదల్లో బతికే ఈ బల్లి ఇప్పుడు హైదరాబాద్ అపార్టుమెంట్లలో గాజు తొట్లలో, వేడి దీపాల కింద కాపురం ఉంటోంది. కోపమొచ్చినా, జత మీద మనసు పుట్టినా గొంతు కింది ముళ్ల చర్మం ఉబ్బి నల్లబడుతుంది. మనిషి చేతికి తొందరగా మాలిమి అవుతుంది కాబట్టి పిల్లలున్న ఇళ్లలో దీనికి గిరాకీ ఎక్కువ.

ఒకటి పెంచినవాళ్లు కొన్నాళ్లకు రెండోది తెస్తారు. రెండూ ఆడా మగా అయితే తరువాతి ప్రశ్న తప్పదు: వీటిని ఎన్ని నెలలకు జతకట్టించవచ్చు?

సూటిగా చెప్పాలంటే, ఆడదానికి 18 నుంచి 24 నెలలు నిండాలి, మగదానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. చిక్కేమిటంటే, అవి అంతవరకు ఆగవు. బాగా తిండి పెట్టి పెంచిన డ్రాగన్లు 8 నుంచి 12 నెలల్లోనే ఈడుకొస్తాయి. మగది గడ్డం నల్లబరుస్తుంది, ఆడది గుడ్లు కూడా పెట్టగలదు. గుడ్డు పెట్టగలగడానికీ, గుడ్డు పెట్టి తేరుకోగలగడానికీ మధ్య ఉన్న ఈ ఏడాది ఎడంలోనే ఎక్కువ ఆడ డ్రాగన్లు దెబ్బతింటాయి.

ఈడు ఎలా వస్తుంది?

పాడి చేసే రైతుకు ఈ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. పెయ్య తొలిసారి ఎదకు రాగానే కట్టించడు. ఒళ్లు చేసి, పెద్దావు బరువులో మూడింట రెండు వంతులకు దగ్గరపడేదాకా ఒకటి రెండు ఎదలు వదిలేస్తాడు. తొందరపడితే ఈనేటప్పుడు పెయ్యా పోతుంది, దూడా పోతుంది. గాజు తొట్టిలో డ్రాగన్ విషయంలోనూ సూత్రం ఇదే. చూడాల్సింది వయసొక్కటే కాదు, ఒళ్లు.

బల్లి జాతుల్లో ఈడు రావడానికి క్యాలెండర్ కంటే ఒంటి కొలతే ముఖ్యం. గుడ్డులోంచి బయటపడిన రోజున బియర్డీ పిల్ల పొడవు 10 సెంటీమీటర్ల లోపు, బరువు 2-3 గ్రాములు. ఎదిగాక మూతి కొస నుంచి తోక కొస దాకా 45-60 సెంటీమీటర్లు, బరువు 350 నుంచి 500 గ్రాములు. అంటే ఏడాదిన్నరలో బరువు వంద రెట్లకు పైగా పెరగాలి. కడుపులో రెండు వైపులా ఉండే కొవ్వు తిత్తులు నిండి, ఒళ్లు ఒక స్థాయికి చేరగానే మెదడు నుంచి హార్మోన్ల సంకేతాలు బయలుదేరతాయి. అండాశయం మేలుకుంటుంది.

అడవిలో ఈ ఎదుగుదల ఎప్పుడూ ఒకే తీరున సాగదు. చలికాలం వస్తే డ్రాగన్ తిండి మానేసి నెలల తరబడి ముడుచుకుంటుంది. వానలు లేని ఏడు పురుగులు దొరకవు. గాజు తొట్టిలో ఆ ఆటంకాలు లేవు. ఏడాది పొడవునా దీపం వెలుగుతుంది, రోజూ పురుగులు పడతాయి. కొవ్వు త్వరగా చేరుతుంది, ఈడు ముందే వస్తుంది. ఎముకల్లో ఖనిజం పూర్తిగా నిండటానికి మాత్రం దాని సమయం దానికి కావాలి. ఎనిమిది నెలల ఆడ డ్రాగన్‌లో అండాశయం సిద్ధంగా ఉంటుంది, అస్థిపంజరం ఇంకా సిద్ధం కాదు.

ప్రకృతిలో ఏడాది వయసు ఆడవి గుడ్లు పెట్టడం లేదా అని అడగవచ్చు. పెడతాయి. కానీ అక్కడి లెక్క వేరు. రేపు ఏ గద్దకో పాముకో చిక్కే ప్రాణికి వచ్చే ఏడు దాకా ఆగడం నష్టం. తల్లి పోయినా సరే, గుడ్లు మిగిలితే ఆ లక్షణం తరువాతి తరానికి అందుతుంది. ప్రకృతి వరణం చూసేది మిగిలిన పిల్లల సంఖ్యనే, తల్లి క్షేమాన్ని కాదు. మన ఇంట్లో గద్ద లేదు. బియర్డీ పదేళ్ల దాకా బతకగలదు. అలాంటప్పుడు అడవిలో ఆడాల్సిన జూదాన్ని ఇంట్లో ఆడించడానికి కారణమే లేదు. పైగా మన తొండల్లోనూ, డ్రాగన్లలోనూ ఆడదాని ఒళ్లు పెరిగేకొద్దీ ఒక్కో కాన్పులో పెట్టే గుడ్ల సంఖ్య పెరుగుతుంది. ఆగినవాళ్లకు నష్టమేమీ లేదు.

గుడ్డుకు సరుకు ఎక్కడిది?

డ్రాగన్ ఒక్కసారికి సుమారు 15 నుంచి 35 గుడ్లు పెడుతుంది. జతకట్టిన నాలుగు నుంచి ఆరు వారాల్లో తొలి విడత వస్తుంది. అక్కడితో ఆగదు. మగదాని వీర్యాన్ని ఆడది తన అండనాళంలో నిల్వ చేసుకుంటుంది. మళ్లీ మగదాని మొహం చూడకపోయినా, నెలా నెలన్నర ఎడంతో రెండో విడత, మూడో విడత గుడ్లు రావచ్చు. ఒక్కరోజు జత వేయడమంటే ఒక్క కాన్పుకు ఒప్పుకోవడం కాదు, ఆ ఏడాదంతటికీ ఒప్పుకోవడం.

లెక్క వేసి చూద్దాం. ఒక్కో గుడ్డు 3 గ్రాములనుకుంటే 24 గుడ్లకు 72 గ్రాములు. 400 గ్రాముల ఆడదానికి అది ఒంటి బరువులో 18 శాతం. అన్నే గుడ్లు 250 గ్రాముల పడుచుకు పడితే దాదాపు 29 శాతం. పడుచు డ్రాగన్ సాధారణంగా కొంచెం తక్కువే పెడుతుంది గానీ, దాని ఒంట్లో చోటూ తక్కువే, సరుకూ తక్కువే.

ఆ సరుకులో ముఖ్యమైనది కాల్షియం. ఈస్ట్రోజెన్ పెరగగానే కాలేయం వైటెల్లోజెనిన్ అనే ప్రోటీన్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అది కాల్షియంను మోసుకుంటూ అండాశయానికి చేరి పచ్చసొనగా మారుతుంది. లోపల పిల్ల ఎముకలు కట్టుకోవడానికి ఆ పచ్చసొనలోని కాల్షియమే ప్రధాన ఆధారం. ఆ తరువాత అండనాళంలో తోలులాంటి పెంకు చుట్టుకునేటప్పుడు ఇంకొంత ఖర్చవుతుంది. ఇంత కాల్షియం తిండిలోంచి ఒక్కసారిగా రాదు. లోటు పడ్డదంతా తల్లి ఎముకల్లోంచే పోతుంది.

ఎదిగిన డ్రాగన్ ఆ అప్పు తట్టుకుని, రెండు మూడు నెలల్లో తిరిగి పూడ్చుకుంటుంది. ఇంకా ఎదుగుతున్న డ్రాగన్‌కు ఒకే కాల్షియం కోసం రెండు గిరాకీలు: సొంత ఎముకలు ఒకవైపు, గుడ్లు ఇంకోవైపు. గుడ్లదే పైచేయి అవుతుంది. మొదట కాలి వేళ్లు సన్నగా అదురుతాయి. దవడ మెత్తబడి, పురుగును పట్టినా కొరకలేదు. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తుంది. కండరాలు ముడుచుకోవాలన్నా రక్తంలో కాల్షియం ఉండాలి కాబట్టి, అది పడిపోయిన తల్లికి గుడ్లను బయటికి నెట్టే శక్తి ఉండదు. గుడ్లు లోపలే ఆగిపోతాయి. ఇరుకైన తుంటి ఎముకలు అడ్డుపడినా ఇదే గతి. అప్పుడు ఆపరేషన్ తప్ప దారి లేని సందర్భాలు ఎక్కువ. చేతిలో పట్టేంత బల్లికి మత్తుమందు ఇచ్చి కడుపు కోయగల వైద్యులు ఎక్కడైనా కొద్దిమందే.

తోవ సరిగ్గా ఉన్నా, చోటు నచ్చక గుడ్లు ఆపుకునే తల్లులూ ఉన్నాయి. ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయంలో మన తొండ మీద దశాబ్దాల పాటు పరిశోధన జరిగింది. వానలు పడక నేల గట్టిగా ఉన్నప్పుడు, లేదా బోనులో తవ్వుకోవడానికి చోటు లేనప్పుడు ఆడ తొండలు గుడ్లను అండనాళంలోనే రోజుల తరబడి ఆపుకుంటాయనీ, లోపలి పిండాలు ఒక దశకు చేరి ఎదుగుదల నిలిపేస్తాయనీ అక్కడివారు గుర్తించారు. తొండ తట్టుకున్నట్టు డ్రాగన్ తట్టుకుంటుందనుకోవడానికి లేదు. నున్నటి టైల్ పరిచిన తొట్టిలో తవ్వడానికి చోటు లేక మూలమూలలూ గీకుతున్న ఆడ డ్రాగన్ ఆడుకుంటున్నట్టు కాదు. దానికి ఒక జానెడు లోతు తడి ఇసుక, మట్టి కలిపి నింపిన పెట్టె కావాలి. తవ్వితే కూలిపోని తడి ఉండాలి.

మగది అసలు లేకపోయినా ఆడ డ్రాగన్ గుడ్లు పెట్టవచ్చు. అవి పిల్లలు రాని గుడ్లు. కాల్షియం ఖర్చు మాత్రం అదే. ఒంటరి ఆడదాన్ని పెంచేవాళ్లు కూడా ఈ పేజీలను దాటేయకూడదు.

తక్కెడ, టార్చిలైటు

జతకట్టించే ముందు చూడాల్సినవి నాలుగు. వయసు 18 నెలలు దాటి, వీలైతే రెండేళ్లకు దగ్గరపడాలి. బరువు 350 గ్రాములకు తగ్గకూడదు. వంటింటి డిజిటల్ తక్కెడ మీద ఒక డబ్బా పెట్టి, నెలకోసారి తూచి రాసుకుంటే చాలు. వరసగా మూడు నెలలు బరువు పెద్దగా మారకపోతే ఎదుగుదల నిలకడకు వచ్చినట్టు. పొడవు 40 సెంటీమీటర్లకు పైబడాలి. నాలుగోది ఒంటి తీరు: తోక మొదలు గుండ్రంగా నిండుగా ఉండాలి, తుంటి ఎముకలు చేతికి గుచ్చుకోకూడదు. అలాగని పొట్ట వేలాడే కొవ్వూ పనికిరాదు.

మగది ముందే ఈడుకొచ్చినా దానికీ ఒక అడ్డు ఉంది. జతకట్టేటప్పుడు అది ఆడదాని మెడ పట్టి కొరుకుతుంది. ఆడది చిన్నదైతే చర్మం చీలుతుంది, కొన్నిసార్లు కాలు విరుగుతుంది. రెండూ ఇంచుమించు ఒకే సైజులో ఉండాలి. జత అయ్యాక వాటిని విడదీయాలి. ఒకే తొట్టిలో ఉంచితే మగది ఊరుకోదు, ఆడది తిండికి కూడా కదలదు.

ఒక తోబుట్టువుల జంటను రెండూ ఆడవేనని కొని, ఒకే తొట్టిలో పెంచి, పదో నెలలో గుడ్లు చూసి నివ్వెరపోయే ఇళ్లు ఉంటాయి. నిజానికి ఇది పరీక్షించడం కష్టమేమీ కాదు. డ్రాగన్‌ను అరచేతిలో పడుకోబెట్టి, తోకను మెల్లగా పైకెత్తి, తోక మొదట్లో కింది వైపు టార్చిలైటు వెలుగు వేయాలి. మగదానికి మలద్వారం పక్కన తోక వైపు కుడి ఎడమల్లో రెండు ఉబ్బులు, మధ్యలో చిన్న పల్లం కనిపిస్తాయి. ఆడదానికి రెండు ఉబ్బులు ఉండవు, ఉంటే మధ్యలో ఒకటే, అదీ చిన్నది. తొడల కింద వరసగా ఉండే రంధ్రాలు మగదాంట్లో పెద్దవి. నెలా రెండు నెలల పిల్లల్లో ఇవేవీ నమ్మకంగా తేలవు. అందుకే కొన్న రోజున దుకాణంలో చెప్పిన మాట పట్టుకుని ఉండకుండా, నాలుగో నెల నుంచి నెలనెలా చూడాలి, ఆరో నెల లోపు విడివిడిగా ఉంచాలి. తోబుట్టువులను జతకట్టించకపోవడం మరీ అవసరం. ఆస్ట్రేలియా తన వన్యప్రాణుల వ్యాపార ఎగుమతిని దశాబ్దాలుగా అనుమతించడం లేదు. ప్రపంచంలో పెంపుడు బియర్డీలన్నీ కొద్దిపాటి పూర్వీకుల సంతతి. మేనరికం ఇప్పటికే ఎక్కువ.

ఇక తిండి, వెలుగు. పురుగుల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. అందుకే వాటికి కాల్షియం పొడి అద్ది వేస్తారు. ఆకుల్లో మునగాకు మంచిది. పాలకూర వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియంను ఒంటికి పట్టనివ్వవు. ఎంత కాల్షియం పెట్టినా పేగు దాన్ని పీల్చుకోవాలంటే విటమిన్ డీ3 కావాలి. అది చర్మంలో తయారవ్వాలంటే అతినీలలోహిత బీ కిరణాలు తగలాలి. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. అద్దం వెనక నుంచి ఎంత ఎండ పడినా డీ3 తయారుకాదు. ఉదయపు ఎండలో బాల్కనీలో జల్లెడ బోనులో కాసేపు ఉంచితే ఏ బల్బూ ఇవ్వనంత మేలు. గాజు తొట్టినే ఎండలో పెడితే మాత్రం నిమిషాల్లో ప్రాణం పోతుంది.

ఉప్పల్ రోడ్డులో ఆడా మగా

టార్చిలైటుతో తేల్చే ఈ ఆడా మగా ప్రశ్నను డీఎన్ఏ స్థాయిలో అడిగిన శాస్త్రవేత్త ఒకరు ఇదే రోడ్డులో పనిచేశారు. హబ్సిగూడ నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో సీసీఎంబీ ఉంది. కణ, అణు జీవశాస్త్రాల ఈ పరిశోధన కేంద్రం 1977లో పుష్ప మిత్ర భార్గవ సారథ్యంలో మొదలైంది. 1987 నవంబర్ 26న ఈ ప్రాంగణాన్ని జాతికి అంకితం చేశారు. ఆ ఏడే ఆ శాస్త్రవేత్త, లాల్జీ సింగ్, ఎడిన్‌బరో నుంచి ఇక్కడికి వచ్చారు. తరువాత 1998 నుంచి 2009 వరకు డైరెక్టర్‌గా ఉన్నారు.

ఆయన పరిశోధన మొదలైంది పాముల్లో లింగ క్రోమోజోములతో. మనుషుల్లో ఎక్స్, వై ఉన్నట్టు చాలా పాముల్లో జెడ్, డబ్ల్యూ ఉంటాయి. తేడా ఏమిటంటే రెండు రకాల క్రోమోజోములు ఉండేది ఆడదానికి. జెడ్-డబ్ల్యూ అయితే ఆడ, జెడ్-జెడ్ అయితే మగ. కట్లపాము డబ్ల్యూ క్రోమోజోములో పేరుకుపోయి ఉన్న, మళ్లీ మళ్లీ వచ్చే ఒక డీఎన్ఏ వరసను సింగ్ బృందం 1980లో వర్ణించింది. దాని పేరు బీకేఎం. ఆ వరసే తరువాత మనుషుల్ని డీఎన్ఏతో గుర్తించే పరీక్షకు పనిముట్టు అయింది. ఆ పరీక్షల కోసమే పుట్టిన సీడీఎఫ్‌డీ 1996లో పని మొదలుపెట్టి, కొన్నేళ్లు నాచారంలో ఈసీఐఎల్ రోడ్డు మీద నడిచింది. ఇప్పుడు దానికి ఉప్పల్ ఇన్నర్ రింగ్ రోడ్డులో సొంత ప్రాంగణం ఉంది. మన న్యాయస్థానాలకు చేరే పితృత్వ నివేదికల వెనక ఒక కట్లపాము ఉందన్నమాట.

బియర్డీదీ పాముల పద్ధతే. దాని డబ్ల్యూ మరీ చిన్నది, కాన్‌బెర్రా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2005లో దాన్ని గుర్తించారు. 2007లో అదే విశ్వవిద్యాలయం బృందం డ్రాగన్ గుడ్లను వేర్వేరు ఉష్ణోగ్రతల్లో పొదిగించి చూసింది. 22 నుంచి 32 డిగ్రీల మధ్య ఆడా మగా సమానంగా పుట్టాయి. 32 దాటాక ఆడపిల్లలే ఎక్కువయ్యాయి. డీఎన్ఏ పరీక్షలో వాటిలో చాలావాటికి డబ్ల్యూ లేదు, రెండు జెడ్‌లు ఉన్నాయి. జన్యువుల ప్రకారం మగపిల్లలు, వేడికి ఆడపిల్లలయ్యాయి. ఆస్ట్రేలియా అడవుల్లోనే ఇలాంటి తల్లులు ఉన్నాయని 2015లో వెల్లడైంది. అవి మామూలు మగ డ్రాగన్లతో జతకడితే పిల్లల్లో ఒక్కదానికీ డబ్ల్యూ ఉండదు. వాటి ఆడా మగా తేల్చేది గుడ్డు చుట్టూ ఉన్న వేడి ఒక్కటే. ఒక్క తరంలో క్రోమోజోముల పాలన పోయి ఉష్ణోగ్రత పాలన వచ్చేస్తుంది.

ఉష్ణోగ్రత అన్ని సరీసృపాల్లోనూ ఒకే తీర్పు ఇవ్వదు. మద్రాస్ మొసళ్ల బ్యాంకులో 1980ల్లో మగ్గర్ మొసలి గుడ్లను పరీక్షిస్తే 28-31 డిగ్రీల్లో అన్నీ ఆడవి, 32.5 దగ్గర మగవి పుట్టాయి. మన తొండ ఇంకా విచిత్రం. ఉష్ణోగ్రత పెరుగుతున్న కొద్దీ ఆడ, మగ, మళ్లీ ఆడ, మళ్లీ మగ అనే వరస ధార్వాడ్‌లో తేలింది.

తల్లి వయసు గురించిన అధ్యాయంలో ఇదంతా ఎందుకంటే, 2015 పరిశోధనలో ఇంకో సంగతి బయటపడింది. వేడికి ఆడవైన డ్రాగన్లు మామూలు ఆడవాటి కంటే ఏడాదికి దాదాపు రెట్టింపు గుడ్లు పెట్టాయి. అంటే కాల్షియం భారమూ రెట్టింపే. అజాగ్రత్తగా వేడిలో పొదిగించిన గుడ్లలోంచి వచ్చే ఆడపిల్లలు, రేపు తల్లులయ్యేటప్పుడు అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉండేవే.

ఏప్రిల్ గుడ్లు, మే ఎండలు

హైదరాబాద్‌లో ఈ ప్రమాదం నిజంగానే ఇంట్లో ఉంది. డిసెంబర్, జనవరి రాత్రుల చలికి డ్రాగన్లు మందగించి తిండి తగ్గిస్తాయి. ఫిబ్రవరి చివర ఎండ ముదిరేసరికి చురుకవుతాయి. మగది గడ్డం నల్లబరచి తల ఎగరేస్తుంది. ఆడది ముందు కాలు ఒకటెత్తి నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతుంది. మార్చిలో జతకడితే ఏప్రిల్‌లో గుడ్లు. పొదగడానికి 55 నుంచి 75 రోజులు. అంటే గుడ్లు లోపల ఆడా మగా తేల్చుకునే రోజులు సరిగ్గా మే నెలలో పడతాయి. బయట 40 డిగ్రీలు దాటే రోజుల్లో, ఉప్పల్‌లో పైకప్పు కింది అంతస్తులో, ఫ్యాను గదిలో పెట్టిన గుడ్లకు 34-36 డిగ్రీలు తగలడం మామూలే. ఆ వేడిలో కొన్ని పిండాలు చస్తాయి, బతికినవి ఆడవైపు మొగ్గుతాయి.

గుడ్లకు కావాల్సింది 28 నుంచి 30 డిగ్రీలు. కోడిగుడ్ల ఇంక్యుబేటర్ దీనికి పనికిరాదు. అది 37.5 డిగ్రీల దగ్గర నిలబడుతుంది, ఆ వేడికి డ్రాగన్ పిండం బతకదు. పైగా మామూలు ఇంక్యుబేటర్ వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు. మే నెలలో కావాల్సింది రెండోదే. ఏసీ గది గానీ, చల్లబరిచే ఏర్పాటున్న పెట్టె గానీ లేకపోతే ఆ ఏడు పొదిగించకపోవడమే మంచిది. ఇంకొక తేడా: కోడిగుడ్లను రోజూ తిప్పుతారు, బల్లి గుడ్లను తిప్పితే పిండం చస్తుంది. పెట్టిన చోట ఏ వైపు పైకి ఉందో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, తడి వర్మిక్యులైట్‌లో అదే తీరుగా కదిలించకుండా ఉంచాలి. పిల్లలు వద్దనుకుంటే గుడ్లు పెట్టిన రోజే ఫ్రీజర్‌లో పెట్టేయాలి. వారాలు గడిచాక ఆ నిర్ణయం తీసుకోవడం భావ్యం కాదు.

పుట్టినవాటి బాధ్యత

ఒక్క విడతలో ఇరవై పిల్లలు. మూడు విడతలైతే అరవై. కలిపి ఉంచితే ఒకదాని వేళ్లు, తోక ఇంకొకటి కొరుకుతుంది, వేర్వేరు తొట్లు కావాలి. ఒక్కోదానికి దీపం, రోజుకు రెండు మూడు సార్లు చిన్న పురుగులు. తీసుకునేవాళ్లు దొరక్క ఉప్పల్ నల్లచెరువు కట్ట మీద వదిలేయడం రెండు విధాలా నేరం. ఆ పిల్లకు ఇక్కడి పరిసరాలు తెలియవు, ఇక్కడి తొండలకు దాని రోగాలు తెలియవు. డ్రాగన్లలో అడినోవైరస్ ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి తేలిగ్గా పాకుతుంది, జత వేసే ముందు రెండింటికీ పరీక్ష చేయించడం మేలు.

చట్టం సంగతీ చూసుకోవాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం జాబితాల్లో ఉన్న విదేశీ జంతువులు ఎవరి దగ్గరున్నా నమోదు చేయించాలి, వాటికి పిల్లలు పుట్టినా తెలపాలి. దానికి నియమాలు 2024 ఫిబ్రవరిలో వచ్చాయి, నమోదు పరివేష్ పోర్టల్లో. ఇంట్లో ఉన్న ప్రతి విదేశీ జంతువు గురించీ అటవీశాఖను అడిగి, కొన్న రసీదు దాచుకోవడం పెంచేవాళ్ల పని. మన దేశపు తొండలు, ఉడుములు, తాబేళ్లను పట్టి పెంచే ఆలోచన అసలే వద్దు.

మీ ఆడ డ్రాగన్‌కు 18 నెలలు నిండలేదా, తక్కెడ మీద 350 గ్రాములు తూగలేదా, తవ్వుకోవడానికి మట్టి పెట్టె లేదా, మే నెలలో గుడ్లను 30 డిగ్రీల లోపు ఉంచే ఏర్పాటు లేదా? ఈ నాలుగింట్లో ఏ ఒక్కదానికి జవాబు ‘లేదు’ అయినా ఈ ఏడాదికి జత ఆలోచన వదిలేయండి. మగదాన్ని వేరే తొట్టిలో ఉంచండి. పదేళ్ల ఆయుష్షు ఉన్న ప్రాణికి ఇంకో ఏడాది ఆగడం పెద్ద విషయం కాదు, తొందరపడితే ఆ పదేళ్లూ దక్కకపోవచ్చు.